కొమ్ము విరగని మేకకు నేను పెట్టిన రంపం

కువైట్‌లో ఇరవై మూడేళ్లు ఏం వెలగబెట్టారండీ అని మా వైపు కుర్రాళ్లు అడిగితే, బొమ్మలు చేశామురా అంటాను. చిన్నా చితకా బొమ్మలు కావు. అల్ రాయ్‌లో మా షెడ్డు నుంచి ఒకసారి ఒంటె బొమ్మను లారీ మీద పంపించాం. దాని మూతి సిగ్నల్ దాటాక మేమంతా టీలు తాగి, గ్లాసులు కడిగి, గేటు మూద్దామని వెళ్తే తోక అప్పుడు బయటికి వస్తోంది.

సరే, ఒంటె అంత పొడుగు లేదు. కాస్త పెంచి చెప్పడం నా అలవాటు. మా కోనసీమలో దాన్ని దుర్గుణంగా ఎంచరు. ఉన్నది ఉన్నట్టు చెప్పి మనిషిని సాగనంపడమంటే మజ్జిగైనా ఇవ్వకుండా గుమ్మంలోంచే పంపేయడం లాంటిది. అయితే ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నేను పెంచలేని చోట్లు కొన్ని ఉన్నాయి. అవెక్కడో మీకే తెలిసిపోతుంది. అక్కడ నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి.

వీసా కాగితం పట్టుకుని సలహా కోసం నా దగ్గరికి వచ్చే మీలాంటివాళ్లు చలిబట్టలు తీసుకెళ్లాలా, పచ్చళ్లు తీసుకెళ్లాలా అని అడుగుతారు. తీసుకెళ్లండి. అంతకన్నా పనికొచ్చే సలహా ఏదైనా ఉంటే ఈ కింద ఉంది. ఉందో లేదో నాకూ ఖాయంగా తెలీదు.

మా పని రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెల్లటి థర్మోకోల్ దిమ్మను చెక్కి ఆకారం తీసుకురావాలి. దాని మీద ఫైబర్ పూత పూసి ఆరబెట్టాలి. ఆరాక ఇక అది రాయితో సమానం. ఆపైన పుట్టీ, గరుకు కాగితం, రంగు. పూతకు ముందు ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు. ఆరిన తరవాత కోస్తే కోసినట్టే. మళ్లీ అతకవచ్చు గానీ దానికి సగం రోజు పడుతుంది, ఆ రసాయనాల కంపుకి చుట్టుపక్కల మనిషన్నవాడు నిలబడలేడు.

చెక్కేది మేస్త్రీ. రాయచోటి దగ్గరి మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద, నాకన్నా వెయ్యి మాటలు తక్కువ. చిన్నప్పుడు ఊళ్లో మేకలు కాశాడట. కువైట్ వచ్చి మొదటి ఆరేళ్లు వఫ్రాలో ఒక తోటలో మళ్లీ మేకలే కాశాడు. "ఇమానమెక్కి ఇంత దూరం వచ్చినా మేకలకి నా అడ్రసు దొరికింది సారూ" అనేవాడు. అక్కడ పొద్దుపోక మట్టితో మేకపిల్లల్ని చేస్తుంటే ఎరువుల లారీ డ్రైవరొకాయన చూసి మా షెడ్డుకి పట్టుకొచ్చాడు. మేస్త్రీకి ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. కానీ కాగితం మీద ఒక జంతువు బొమ్మ చూపిస్తే చాలు, అది వీపు తిప్పితే ఎలా ఉంటుందో, పడుకుంటే పొట్ట ఎటు జారుతుందో ఆయన చేతికి తెలిసిపోయేది.

నేను సూపర్‌వైజర్‌ని. అంటే ఇంగ్లీషు కాగితాలు చదివి, గిరాకీలతో మాట్లాడి, ఆయన చేసినదాన్ని నేను చేసినట్టు నిలబడి చూపించేవాణ్ని. నేనాయన్ని మేస్త్రీ గారూ అనేవాణ్ని. ఆయన నన్ను "ఆయ్ సారూ" అనేవాడు. మా గోదావరి వాళ్ల "ఆయ్" మీద సీమవాళ్లకున్న వెటకారం అది. పదకొండేళ్లు అలాగే పిలిచాడు, ఒక్కరోజూ విసుగు రాలేదు ఇద్దరికీ.

మేస్త్రీ భార్య కూడా కువైట్‌లోనే ఉండేది. ఊరికి ఆ కొసన ఒక పెద్దింట్లో వంటపని. శుక్రవారం సాయంత్రప్పూట మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆమెకి రెండు గంటలు సెలవిచ్చేది. మేస్త్రీ రెండు బస్సులు మారి వెళ్లేవాడు. ఆ ఇంటి వీధి చివర బస్టాపు పక్కన చాపంత గడ్డి ఉంటుంది. వాళ్ల కాపురం ఆ గడ్డి మీద. పెళ్లై ముప్పై ఏళ్లు దాటినా, ఒకే కప్పు కింద బతికిన రోజులన్నీ పోగేస్తే నాలుగేళ్లు రావు.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. అంత ప్రేమాయణం చూడ్డానికి సిగ్గుపడాల్సి వస్తుందేమోనని కొంచెం ఎడంగా కూచున్నాను. సిగ్గుపడాల్సినదేమీ జరగలేదు.

"గడ్డం ఎందుకు గీసుకోలేదు? నన్ను సూడ్డానికి వచ్చినావా, పీనిగని సూడ్డానికి వచ్చినావా?"

"బ్లేడు అయిపోయింది."

"భూమిలో నుంచి పెట్రోలు వచ్చే దేశంలో నీకు బ్లేడు దొరకలేదు?"

"సన్నగా మాట్లాడు. జనం సూస్తాండారు."

"సూడనీ. నా మొగున్ని నేను తిట్టుకోడానికి కూడా వీసా ఇచ్చిన కఫీల్‌ని అడగల్లా?"

అంటూనే డబ్బా మూత తీసి, మామా ఇంట్లో వండిన మచ్‌బూస్ అన్నంలోంచి పెద్ద మాంసం ముక్క ఏరి ఆయన వైపుకి తోసింది. తిట్లు ఆగలేదు. ఆయన తింటూ, తల ఊపుతూ, వారమంతా ఎండలో నిలబడ్డవాడు నీడలోకి వచ్చినట్టు కూచున్నాడు. రెండు గంటలూ అలాగే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాతో, "నోరు బో చెడ్డది సారూ దానికి" అన్నాడు. అంత సంతోషంగా ఆ మాట అన్న మగవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

ఇక మేకలు.

నలుపు తెలుపు కాలం నాటి బొమ్మల సినిమాల్లో రెండు మేకపిల్లలుండేవి. మీరు చూసి ఉండరు. వాటి పనల్లా తినకూడనివి తినడం. స్టేషన్ మాస్టరు పచ్చజెండా తినేస్తాయి, రైలు కదలదు. ఆయన టోపీ తింటాయి, టైంటేబుల్ తింటాయి, వెంటపడితే ఆయన ప్యాంటు వెనకభాగం తింటాయి. పాపం ఆ మాస్టరు వాటిని పట్టుకోబోయి తన తలుపు తనే విరగ్గొట్టుకుంటాడు. లోకమంతా మూడు తరాల పిల్లలు దీనికి నవ్వారు.

ఒక ఏడాది చలికాలం బడి సెలవుల్లో, కువైట్ సిటీలో ఒక పెద్ద హాల్లో ఆ మేకల చరిత్ర మీద ప్రదర్శన పెట్టాలని ఒక కంపెనీ వచ్చింది. మొట్టమొదటి సినిమాలో అవి ఎలా ఉండేవి, రంగులొచ్చాక ఎలా మారాయి, టీవీ కాలానికి ఖర్చు తగ్గించడానికి కాళ్లు పుల్లల్లా ఎలా అయ్యాయి, ఇప్పుడెలా ఉన్నాయి. వరసగా ఏడు జతలు. ఒక్కో మేకా మనిషెత్తు. (సరే, భుజం ఎత్తు.)

మా ముదీర్, అంటే మేనేజరు, మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. మాటకి ముందు ఒకసారి, తరవాత ఒకసారి కళ్లద్దాలు తుడుచుకునే మనిషి.

"ఈ మేకల సంగతి మీలో ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

"తెలుసా ఏంటి సార్! ఆ మేకల పాలు తాగి పెరిగినవాణ్ని."

"వాటి సినిమాలు చూశావా?"

"నూట పద్దెనిమిది. కొన్ని రెండేసి సార్లు."

నిజానికి నేను చూసింది సగం సినిమా. చిన్నప్పుడు పక్కింటి కిటికీ ఊచల్లోంచి, ముందు నిలబడ్డవాడి చెవి పక్కనుంచి. స్టేషన్ మాస్టరు టోపీ కోసం వెతుకుతుండగా కరెంటు పోయింది. అది మేకలు తిన్నాయని నేను పెద్దయ్యాకే ఊహించుకున్నాను.

"యల్లా, అయితే చరిత్ర నీది, చెక్కడం మేస్త్రీది. మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు" అన్నాడు ముదీర్. కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, అసలు మాట అప్పుడు చెప్పాడు. మా ఇద్దరి ఇఖామాలకీ, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితాలకి, ఒకే నెలలో గడువు తీరుతోంది. మేస్త్రీ వయసు అరవైకి దగ్గరపడింది. పైవాళ్లు ఇద్దరి కాగితాలూ కొత్తగా వేయడానికి వెనకాడుతున్నారు. ఈ పని పేరు తెస్తే ఇద్దరికీ తనే పట్టుబట్టి సంతకాలు చేయిస్తాడు. పేరు పోతే ఒకరు ఖలాస్.

బయటికొచ్చాక తెలుగులో మళ్లీ చెప్పాను. మేస్త్రీ అరచేతులకంటిన తెల్లపొడి దులుపుకుంటూ విన్నాడు.

"నాకు ఇంగొక్క ఏడాది సాలు సారూ. దానికి ఆ ఇంట్లో కాగితం ఇంగా ఏడాదుండాది. మధ్యలో వదిలి రానీరు. అది అయిపోతే ఇద్దరం ఒకే ఇమానంలో పోదామని. పక్క పక్క సీట్లలో. అంతే."

"దానికేం భాగ్యం మేస్త్రీ గారూ. మన మేకల్ని చూసి వాళ్ల దేశం నుంచి మనకి సన్మానపత్రాలొస్తాయి. మీకొకటి, నాకు రెండు."

"నాదీ నువ్వే తీసుకో. ఇఖామా ఇప్పించు" అన్నాడు.

ఆ కంపెనీవాళ్లు ఒక పుస్తకం పంపారు. ప్రతి జతకీ ముందూ వెనకా పక్కల నుంచీ గీసిన బొమ్మలు, పక్కన ఇంగ్లీషులో వివరాలు. మొదటి పేజీలో ఒకావిడ ఫొటో, దాని కింద చీమల బారులా రాత. నేను బొమ్మలు చూశాను. రాత చదవలేదు. నూట పద్దెనిమిది సినిమాలు చూసినవాడు చదవడమేంటి, చిన్నతనం కాదూ? ఆ ఫొటోలో ఆవిడ కంపెనీ ఓనరు భార్య అయ్యుంటుందని మా ముదీర్‌కి చెప్పాను కూడా.

రెండు నెలలు పని జరిగింది. ఆ రెండు నెలలూ మేస్త్రీని చూసి తీరాల్సిందే. దిమ్మ ముందు నిలబడి, మేక ముందు నిలబడ్డట్టే నాలుకతో టక్ టక్ అని చప్పుడు చేసేవాడు. పెడసరంగా నిలబడ్డ మేక, అప్పుడే ఏదో తినేసి అమాయకంగా మొహం పెట్టిన మేక, తినబోతూ మనల్ని ఓరగా చూసే మేక. షెడ్డులో మిగతా పనివాళ్లు వాటి దగ్గర టిఫిన్ డబ్బాలు పెట్టడం మానేశారు. ఇది పెంచి చెప్పడం కాదు, ఒకడు నిజంగానే మానేశాడు.

ఫైబర్ ఆరి, రంగులు కూడా పడ్డాక, ఒక మధ్యాహ్నం ఏడు జతల్నీ వరసగా నిలబెట్టించి నేను మంత్రి కవాతు చూసినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. రెండో జత నుంచి ఏడో జత దాకా ప్రతి జతలోనూ ఒక మేకకి ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉంది. లోకంలో పిల్లలంతా వాటిని పోల్చుకునేది దాంతోనే. మొదటి జత దగ్గర ఆగాను. రెండు మేకలకీ రెండేసి కొమ్ములు నిక్షేపంగా ఉన్నాయి. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి రెండూ.

"మేస్త్రీ గారూ, ఇదేంటండీ బాబూ? ఇక్కడ కొమ్ము మర్చిపోయారు."

"మరిచిపోయేదేంది? కాగితంలో అట్లనే ఉండాది."

"కాగితం తప్పండీ. ఆరు జతల్లో ఉన్నది ఈ ఒక్క జతలో ఎందుకుండదు? గీసినవాడు మర్చిపోయుంటాడు."

మేస్త్రీ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. బడికెళ్లే పిల్లవాడితో మాట్లాడినట్టు మెల్లగా అడిగాడు.

"ఆయ్ సారూ, మేక కొమ్ము ఇరిగి పుడతాదా?"

"పుట్టదు."

"ఎప్పుడో ఒకప్పుడు ఇరిగింటాది గదా?"

"ఆయ్, విరిగే ఉంటుంది."

"ఇరగక ముందు బాగుండింటాది గదా? ఇది ఆ ముందుది."

అంతే. చరిత్ర అంటే ఏంటో నాకు ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు రాని మనిషి బొమ్మలు చూసి చదివేశాడు. నాకు వినిపించలేదు. నా వెనక అయిదారుగురు పనివాళ్లు నిలబడి చూస్తున్నారు, చరిత్రకారుణ్ని నేను.

"అలాగైతే రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ. ఏది ఏదో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

"కవలపిల్లలు సారూ. తెలీదు. తల్లికి తెలుస్తాది, వాసన సూసి. మాకు తెలీకుంటే దాని మెడకి నల్లదారం కట్టుకుంటాము. అంతేగాని కొమ్ము కొయ్యము."

వెనకాల ఎవడో నవ్వాడు. ఆ నవ్వు నా మీదేనని నాకనిపించింది.

"మేస్త్రీ గారూ, నూట పద్దెనిమిది సినిమాలు చూశాను నేను. మొట్టమొదటి సినిమాలో, మొట్టమొదటి సీనులోనే దానికి కొమ్ము విరిగుంది."

"నీ కండ్లతో సూసినావా?"

"చూశాను."

కాసేపు నా మొహంలోకి చూశాడు. "నువ్వు సూసింటే ఇంగ నాదేముంది" అన్నాడు. ఆక్సా బ్లేడు తెచ్చాడు. ఫైబర్ కదా, వెంటనే తెగలేదు. గరగరమని చాలాసేపు కోశాడు. తెల్లపొడి మేక కళ్ల మీద పడితే మధ్యలో ఆగి ఊదాడు. తెగాక ఆ మొండిని బొటనవేలితో నిమిరాడు, దెబ్బ తగిలిన చోట నిమిరినట్టు. తరవాత రంగేసి పక్కకి వెళ్లిపోయి చేతులు కడుక్కున్నాడు.

ప్రదర్శన రోజున ఉతికిన యూనిఫాంలు వేసుకుని మేమూ హాలుకి వెళ్లాం. బయట తలుపుల దగ్గర అప్పటికే పిల్లల బారు, సందడి. లోపల ముదీర్ టై కట్టుకుని తిరుగుతున్నాడు. తలుపులు తెరవడానికి గంట ముందు, ఆ మేకల సొంతదారుల తరఫున ఒక పెద్దావిడ చూడ్డానికి వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, చేతిలో చిన్న సంచి.

ఆవిడ వెనక నుంచి మొదలుపెట్టింది. ఏడో జత, ఆరో జత, అలా కాలంలో వెనక్కి నడిచింది. ప్రతి జత దగ్గరా ఆగి మొహంలో మొహం పెట్టి నవ్వింది. "ఎవరు చెక్కారు వీటిని?" అని అడిగితే నేను మేస్త్రీని ముందుకి తోశాను. అప్పటికింకా నాకా మాత్రం మంచితనం ఉంది. ఆవిడ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ముదీర్ నా వైపు చూసి కన్ను గీటాడు. ఇద్దరి ఇఖామాల మీదా సంతకాలు పడిపోయినట్టే అనుకున్నాను.

రెండో జత దగ్గర ఆవిడ చాలాసేపు నిలబడి, విరిగిన కొమ్ము మీద చెయ్యేసింది. తరవాత మొదటి జత దగ్గరికి వచ్చింది. అలాగే చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఆవిడ గొంతు పెంచలేదు. మెల్లగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది. మొదటి సినిమాల్లో ఈ రెండిట్లో ఏది ఏదో ఎవరికీ తెలిసేది కాదట. వాటికి పేర్లు కూడా లేవట. బొమ్మల సినిమాల్లో ఒక ఆచారం ఉంది. రైలు కింద పడి అప్పడమైపోయినవాడు మరుసటి సీనులో లేచి దులుపుకుంటాడు. దెబ్బ అనేది నిలవదు. ఒక సినిమాలో ఒక మేక ఇనపగేటుని ఢీకొడితే కొమ్ము విరిగింది. తరవాతి సీనులో అది మళ్లీ మామూలుగా ఉండాలి. ఆ సినిమా బొమ్మలు గీసే కాగితాల మీద గీతలకి సిరా నింపే పనిలో ఒక ఆడమనిషి ఉండేది. ఆవిడ ఆ కొమ్ముని అతికించలేదు. ఒక్క దెబ్బైనా దెబ్బలాగా మిగలనీ అనుకుందట. పైవాళ్లు తిట్టారు. పని పోయినంత పనైంది. కానీ సినిమా బయటికి వెళ్లాక, జనం మొదటిసారి ఆ రెండిటినీ వేరువేరుగా పోల్చుకున్నారు. విరిగిన కొమ్ముది జాగ్రత్తపరురాలైంది, రెండోది వెర్రిబాగులదైంది. ఆ తరవాతి కథలన్నీ అక్కణ్నుంచే పుట్టాయి.

"ఇదంతా పుస్తకం మొదటి పేజీలో ఉంది. మా అమ్మ ఫొటో కూడా ఉంది" అంది ఆవిడ. మళ్లీ ఆ మొండి కొమ్ము వైపు చూసి, "మొదటినుంచే విరిగి ఉంటే, మరి మా అమ్మ చేసింది ఏముంది?" అంది.

అతకడానికి ఎంతసేపని ముదీర్ అడిగాడు. సగం రోజు, పైగా కంపు. బయట పిల్లలు తలుపులు కొడుతున్నారు. మొదటి జతని తెర వెనక్కి తోయించేశారు. చరిత్ర రెండో జత నుంచి మొదలైంది. ఆ రోజు కువైట్ పిల్లలకి మేక కొమ్ము విరిగే పుట్టింది.

తెర వెనక ముదీర్ కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు.

"ఎవరు కోశారు?"

నన్నే అడిగాడు. కోసిందెవరని. కోయమంది ఎవరని కాదు. ఆ రెండిటికీ మధ్య ఉన్న సందు చాలా చిన్నది. నేను చాలా లావు మనిషిని. అయినా పట్టాను.

"మేస్త్రీ" అన్నాను.

నా జన్మలో ఒక్క మాటతో ముగించిన సంజాయిషీ అదే.

ముదీర్ ఆయన వైపు తిరిగాడు. "నేనే సార్" అన్నాడు మేస్త్రీ. నా వైపు చూశాడు. నేను మేక వైపు చూశాను.

అవతల తలుపులు తెరిచారు. పిల్లలు లోపలికి ఉరికారు. నవ్వులు. ప్రదర్శన చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు.

పన్నెండు రోజుల్లో మేస్త్రీ కాగితం కొట్టేశారు. అట్టపెట్టెకి తాడు బిగిస్తుంటే వెళ్లి ఎదురుగా కూచున్నాను. తాడు కొస పట్టుకోమని నాకే ఇచ్చాడు.

"ఎందుకు చెప్పలేదు మేస్త్రీ గారూ, నేనే కోయించానని?"

"నువ్వు చెప్తావనుకున్నా ఆయ్ సారూ." ముడి వేస్తూ అన్నాడు, కోపమేమీ లేదు. "ఎంత మాట్లాడేవానివి! ఇప్పుడు మొదలుపెడతాడు, ఇంగ ఇప్పుడు మొదలుపెడతాడు అని సూస్తా నిలబడ్నా."

ఆ మర్నాడు ముదీర్ గదికి వెళ్లి అంతా చెప్పేశాను. సగం సినిమా, కిటికీ ఊచలు, కరెంటు పోవడం, అన్నీ. ఆయన ఓపిగ్గా విన్నాడు. "స్టాంపు పడిపోయింది. ఖలాస్" అన్నాడు. "నిన్నూ పంపేస్తే ఇంగ్లీషు కాగితాలు ఎవరు చదువుతారు? వెళ్లు, పని చూసుకో. మాఫీ ముష్కిల్." ఆ వారంలోనే నా ఇఖామా మీద సంతకం అయింది. శిక్షకి భయపడి నిజం దాచాను. చెప్పాక శిక్ష కూడా పడలేదు. మీకు నేనివ్వగల సలహా ఏదైనా ఉంటే ఇక్కడే ఉండాలి. నిజం చెప్పండి అందామంటే, ఎప్పుడు చెప్పాలో కూడా చెప్పాలి కదా. దానికి గడువుంటుందని, ఆ గడువు ఒక ఊపిరంత ఉంటుందని నాకు తెలియడానికి ఒక మనిషి ఖర్చయ్యాడు.

తరవాత ఆ పుస్తకం చదివాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, రెండుసార్లు. ఇప్పుడు ఆ మేకల గురించి లోకంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఇందులో పెంచిందేమీ లేదు.

మేస్త్రీ వెళ్లిన ఆరో శుక్రవారం నేను రెండు బస్సులు మారి ఆ గడ్డి దగ్గరికి వెళ్లాను. ఆవిడకి మామా రెండు గంటల సెలవు ఇంకా ఇస్తూనే ఉంది. ఒక్కతే కూచుని, ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, వీధంతా వినపడేలా మాట్లాడుతోంది.

"కండ్లు యాడ పెట్టుకున్నావంట! ఇన్నేండ్లు కోసినోనివి, యాడ కొయ్యాల్నో తెలీలేదా? ఒక్క ఏడాది ఆగలేకపోయిందే ఆ పాడు చెయ్యి! నేను ఈడ, నువ్వు ఆడ... నవ్వుతావా? సిగ్గు లేకుండా నవ్వుతావా?" నన్ను చూసి ఆగింది. "ఉండు, మీ ఆయ్ సారు వచ్చినాడు. రా అన్నా, కూచో. సూడు ఈ మనిషిని. దినామూ తిడతాండా, దినామూ నవ్వుతాండాడు."

నేను కూచోలేదు. కూచుంటే కథలా చెబుతానని భయమేసింది.

"భాభీ గారూ, కోయమంది నేనండీ. ఆయన వద్దన్నాడు."

"వద్దన్నాడా?"

"రెండుసార్లు వద్దన్నాడు. నేను అబద్ధం చెప్పి కోయించాను. అక్కడ అడిగితే ఆయన పేరు చెప్పాను."

ఆవిడ నన్ను తిడుతుందని ఎదురుచూశాను. అంతదూరం వెళ్లింది దానికే కాబోలు. తిట్టలేదు. ఫోను ఒళ్లోకి దించుకుంది.

"నాకు చెప్పలేదే" అంది, ఎవరితోనో.

ఒళ్లోంచి మేస్త్రీ గొంతు వస్తోంది. "ఏమైంది? ఏమంటాండాడు ఆయన?" ఆవిడ ఫోను నా చేతికిచ్చి, మొహం బస్సులొచ్చే వైపుకి తిప్పుకుంది.

"చెప్పేశాను మేస్త్రీ గారూ" అన్నాను. "తప్పు నాదేనని..."

తెర మీద ఆయన మొహం చాలాసేపు కదల్లేదు. నెట్ ఆగిందనుకున్నాను.

"ఎందుకు చెప్పినావు సారూ?" అన్నాడు. "తిట్టేదానికైనా దినామూ ఫోన్ చేస్తాండె. గంట సేపు తిడతాండె. ఇంగ మేము ఏం మాట్లాడుకోవాల?"

ఫోను ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని మళ్లీ మొహానికి ఎదురుగా పట్టుకుంది. ఆయన ఆవిణ్ని చూస్తున్నాడు, ఆవిడ ఆయన్ని చూస్తోంది.

"తిన్నావా?" అంది చివరికి.

"తిన్నా" అన్నాడు.

ఆ తరవాత ఇద్దరికీ ఏమీ దొరకలేదు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చేదాకా చూశాను, దొరకలేదు.